మహీధర్ కోపానికి వైద్యం

అబిడ్స్‌లో మహీధర్‌ది పింగాణీ సామాన్ల దుకాణం. కోపం వస్తే కప్పో సాసరో విసిరేవాడు. కుర్రతనం నుంచీ అంతే. ఆయన దాన్ని క్రమశిక్షణ అనేవాడు. ఓ సాసరు తగిలి గుమాస్తా వెంకటేశం నుదురు చిట్లాక, భార్య శశికళ ఆయన్ని నాంపల్లిలో మానసిక వైద్యురాలు విద్యావతి దగ్గరికి తీసుకెళ్లింది. తనకే నిద్ర పట్టడం లేదని, తోడు రమ్మని ఆమె అబద్ధమాడితే గానీ ఆయన కదల్లేదు.

విద్యావతి తాగుడు సంగతి అడిగింది, రక్త పరీక్షలు చేయించింది, మళ్లీ పిలిపించి పాత గొడవలన్నీ చెప్పించుకుంది.

"కోపం నా చేతుల్ల లేదు మేడమ్. వచ్చినప్పుడు నాకేం తెల్వది," అన్నాడు మహీధర్.

"ఏమేం పగలగొట్టిన్రు?"

శశికళ అందుకుంది. "ముందే అంచులు విరిగినయి, రంగు పోయినయే మేడమ్. మంచి సెట్టు ఒక్కటి గూడ పగల్లే. ట్యాక్సు ఆఫీసరొస్తే ఈయన గొంతు లేవదు."

"అంటే కోపంల గూడ చెయ్యి ఏరుకుంటున్నది," అంది డాక్టర్. "చిన్నప్పటి నుంచి ఇదే తీరంటే, దీన్ని పర్సనాలిటీ డిజార్డర్ అంటం. గోలీతోని పోదు, గోలీ జర ఉద్రేకం తగ్గిస్తదేమో. వచ్చి మాట్లాడుకుంట, అలవాటు మార్చుకోవాలె. టైం పడ్తది."

మహీధర్ సంతోషంగా బయటికొచ్చాడు. ఇన్నేళ్లకు తన కోపానికి ఇంగ్లీషు పేరు దొరికింది. మర్నాడే దుకాణంలో కప్పు విసిరి, "నాది డిజార్డర్! డాక్టరే చెప్పింది. మీరే సర్దుకోవాలె!" అని గర్జించాడు. మళ్లీ వైద్యానికి వెళ్లలేదు.

శశికళ ఒక్కతే వెళ్లి చెప్పుకుంది.

"రోగం పేరు లైసెన్సు కాదమ్మా," అంది విద్యావతి. "ఆయన వస్తువు లేపంగనే గాడ ఎవ్వరు నిలబడొద్దు. చల్లబడినంక రాండ్రి."

ఈసారి దుకాణంలో ఆయన ప్లేటు ఎత్తగానే శశికళ, వెంకటేశం ఫుట్‌పాత్ మీదికి నడిచారు. వాళ్లను చూసి, కొనడానికొచ్చిన వాళ్లూ వెంట నడిచారు. మహీధర్ అలమారాలను తిట్టాడు. అవి మాట్లాడలేదు. చెయ్యి నొప్పి పుట్టి ప్లేటు దించాడు.

ఆ వారమే ఒక్కడే నాంపల్లి వెళ్లాడు.

"నాతోని ఎవ్వరు కొట్లాడ్తలేరు మేడమ్," అని ఫిర్యాదు చేశాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "ఖాళీ దుకాణంల భయమైంది," అన్నాడు.

వైద్యం నిజంగా అప్పుడు మొదలైంది. కోపం పొంగితే లేచి బయటికి పోవడం, నొప్పించినవాళ్లకు క్షమాపణ చెప్పడం ఆయన నేర్చుకోవాల్సినవి. మొదటిది కొన్ని నెలలకు అలవాటైంది. విసరడం ఆగింది, అరవడం మిగిలింది. రెండోదానికి ఓ మధ్యాహ్నం ధైర్యం చేసి, వెంకటేశం ముందు నిలబడి గొణిగాడు.

"ఏంది సేట్?"

"సారీ అన్న గదా! వినబడ్తలేదా?"

పక్క దుకాణాలవాళ్లు కూడా తొంగి చూశారు.

"వినబడ్డది సేట్," అన్నాడు వెంకటేశం.