మినహాయింపు ఫారం

ఉద్యోగం దరఖాస్తులో 'విద్యార్హత' అన్న చోట ఆవిడ 'డిగ్రీ రెండో ఏట ఆపేశాను' అని రాసింది. పదకొండేళ్ళ క్రితం అదే చోట నేను 'పూర్తయింది' అని రాశాను. పూర్తి కాలేదు. ఒక పేపరు మిగిలిపోయింది.

అప్పట్లో ఈ సంస్థలో ఆరుగురమే. ఒకే బల్ల చుట్టూ కూర్చుని ప్రోగ్రాములు రాసేవాళ్ళం. సర్టిఫికెట్టు చూపించమనే తీరిక ఎవరికీ లేదు. ఇప్పుడు నాలుగొందల మందిమయ్యాం. నేను ఇంటర్వ్యూలు చేసి మనుషుల్ని ఎంచే దాకా వచ్చాను. ఆ పేపరు సంగతి మా ఆవిడకు కూడా తెలియదు. "మా అల్లుడు ఇంజనీరండీ" అని మా అత్తగారు ఎవరికైనా పరిచయం చేస్తుంటే నేను మంచినీళ్ళ కోసం లేస్తాను. పోయిన నెల బావమరిది వచ్చి, "బావా, ఈ కాలేజీ మానేసి ఏదైనా కోర్సు నేర్చుకుంటే పోలా?" అన్నాడు. "పట్టా లేనివాణ్ణి గుమ్మం ఎక్కనివ్వరురా" అని వాణ్ణి నానా మాటలూ అన్నాను. ఆ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో వాడికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"ఈవిడ్ని ఎందుకు పిలిచారండీ అసలు?" అన్నాడు పెద్దసారు. మా విభాగానికి అధికారి ఆయన. నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు. రెండు డిగ్రీలున్నాయి కాబట్టి అందరికీ పెద్దసారే.

"పంపిన ప్రోగ్రాము బాగుందండీ."

"బాగుండొచ్చు. డిగ్రీ లేకుండా తీసుకోవాలంటే మినహాయింపు ఫారం నింపాలి. సిఫారసు చేసే మనిషి తన సర్టిఫికెట్టు జతచెయ్యాలి. మినహాయించేవాడికైనా చదువుండాలిగా!" తన మాటకు తనే నవ్వి, ఫారాన్ని నా ముందుకు తోశాడు.

నేనూ నవ్వాను. ఆ ఫారం సంగతి నాకిప్పుడే తెలిసింది. ఆవిడ వద్దంటే దరఖాస్తు మీద ఒక్క గీత గీస్తే చాలు. కావాలంటే, లేని కాగితాన్ని తెచ్చి జతచెయ్యాలి.

ఆవిడ లోపలికొచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. రక్తపరీక్షల ల్యాబులో పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. ఒకే రోగిని రెండుసార్లు నమోదు చేసేస్తున్నారని విసిగి, సాయంత్రాలు వీడియోలు చూసి నేర్చుకుని, ఆ తప్పును పట్టే ప్రోగ్రాము తనే రాసుకుంది.

మా దగ్గర ఇంటర్వ్యూలో కంప్యూటరు ఇవ్వరు. అద్దాల గోడ మీద మార్కరుతో రాయాలి. రాస్తుంటే ప్రశ్నలడిగేవాడు వెనకాల నిలబడి చూస్తాడు. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు కానీ అందరం పాటిస్తాం.

ఆవిడ తన ప్రోగ్రామునే రాసింది. కొత్త పేరు వస్తే, ఉన్న పేర్లన్నిటితో ఒక్కొక్కటిగా పోల్చి చూస్తుంది ఆ ప్రోగ్రాము.

"మీకు రోజుకి రెండొందల పేర్లు. లక్ష వస్తే?" అడిగాను.

"మా ల్యాబుకి లక్షమంది ఎందుకొస్తారు సార్, ఊరంతా ఒకేసారి మంచం పడితే తప్ప?"

"ఇక్కడ రోజూ పడుతుందమ్మా," అన్నాడు పెద్దసారు, లాప్‌టాప్ లోంచి తలెత్తకుండా. "లక్షని లక్షతో పోలిస్తే తెల్లారినట్టే. ఇదే, చదువుకోకపోతే వచ్చే చిక్కు."

ఆవిడ ముఖం ఎర్రబడింది. కానీ జవాబు పెద్దసారుకి కాదు, గోడకి చెప్పింది. "చేత్తో అయితే మేం అలా చెయ్యం సార్. ట్యూబు రాగానే పేరు మొదటి అక్షరం చూసి స్టాండులో ఆ అక్షరం అరలో పెడతాం. మళ్ళీ అదే పేరొస్తే ఆ ఒక్క అరలోనే చూస్తాం. అన్నీ వెతకం."

"మరి ప్రోగ్రాములో ఎందుకు అలా రాయలేదు?"

"అది... చేత్తో చేసే పని అనుకున్నాను సార్. ప్రోగ్రాములో రాసే విషయమని తట్టలేదు."

ఆ అరల సంగతి నాకు మిగిలిపోయిన పేపరు పుస్తకంలో ఒక అధ్యాయం. దాన్ని నాలుగుసార్లు చదివాను.

"సరే," అన్నాను. "వచ్చినవాళ్ళలో ఎక్కువమంది పేర్లు 'స' తోనే మొదలైతే?"

ఆ పేపర్లో పదిహేను మార్కుల ప్రశ్న అది. దాన్ని ఎందుకడిగానో నిజాయితీగా చెప్పాలి. ఆవిడకి జవాబు రాదని నా నమ్మకం. చెప్పలేకపోతే నేను ఫారం నింపక్కర్లేదు.

మార్కరు అద్దం మీద ఆగిపోయింది. ఒక నల్లచుక్క పెట్టి, అక్కడే నిలిచింది. ఆవిడ మెడ వెనక చెమట మెరుస్తోంది. నేను ఆవిడ భుజానికి రెండడుగుల వెనక ఉన్నాను. నా ఊపిరి నాకే వినిపిస్తోంది.

పరీక్ష హాల్లో నా వెనకా సరిగ్గా ఇంత దూరంలోనే కాపలా కాసే ఒకాయన నిలబడేవాడు. ఆ పేపరు రాసిన మూడుసార్లూ ఆయనే. జవాబు నాకొచ్చు. బల్ల మీద వేలితో రాయగలను. ఆయన చెప్పుల చప్పుడు వెనక ఆగిందంటే మాత్రం కలం కదిలేది కాదు. నాలుగోసారి హాలు గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చేశాను. 'నీకు చదువు రాదు' అని అప్పట్నుంచీ లోపల ఎవరో అంటూనే ఉన్నారు. ఆ నోరు మూయించడానికే పదకొండేళ్ళుగా పనిచేశాను. ఇప్పుడు ఆ చెప్పులు నేను తొడుక్కుని నిలబడ్డాను.

వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను.

"తొందరేం లేదండీ," అన్నాను.

పెద్దసారు గడియారం చూసుకున్నాడు. ఆవిడ చుక్కని చెరిపేసింది. మళ్ళీ పెట్టింది. కాసేపటికి పెదాలు కదిలాయి.

"అయితే మొదటి అక్షరాన్ని నమ్మకూడదు. పేరంతా కలిపి ఏదైనా అంకె చెయ్యాలి. ఆ అంకెని బట్టి అరలో వెయ్యాలి. అప్పుడు ఒకే చోట కుప్ప పడవు." గిర్రున తిరిగింది. "అంతేనా సార్? దీనికి పేరేమైనా ఉందా?"

"ఉంది. హ్యాషింగ్ అంటారు."

ఆ మాటని అద్దం మీద ఓ మూల రాసుకుంది, మర్చిపోతానేమో అన్నట్టు. "ఈ పేరు తెలిసుంటే నాలుగేళ్ళ క్రితం, ప్రోగ్రాము రాసేటప్పుడే వెతుక్కునేదాన్ని సార్. ఏం వెతకాలో చెప్పేవాళ్ళు లేకపోయారు. అందుకే కాలేజీ మానేసినందుకు ఇప్పటికీ కడుపు మండుతుంది. మీకు బాగా చెప్పుంటారు."

"బాగానే చెప్పారు," అన్నాను. "ఇదే పేపరు మూడుసార్లు తప్పాను. నాలుగోసారి రాయలేదు."

ఆవిడ నవ్వబోయి ఆగింది. పెద్దసారు టైపు చెయ్యడం మానేశాడు.

"మీరు కాసేపు బయట కూర్చోండమ్మా," అన్నాడాయన.

తలుపు మూసుకుంది. ఆయన లాప్‌టాప్ మూత దించి నా వైపు చూశాడు. కోపంగా లేడు. అదే నన్ను భయపెట్టింది.

"నిజమేనా?"

"నిజమే."

"పదకొండేళ్ళు!" గడ్డం రుద్దుకున్నాడు. "నేను రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు దిద్దింది నువ్వేగా." నన్ను నువ్వనడం అదే మొదటిసారి. దగ్గరైనట్టో, దిగిపోయినట్టో తేల్చుకోలేకపోయాను. "చూడు, నేనేం వినలేదు. ఆవిడ వద్దని గీత గియ్యి. ఫారమే అక్కర్లేదు. నీ కాగితం ఎవరూ అడగరు. రేపు మామూలుగా వస్తావు."

"ఆవిడకి?"

"ఆవిడకి ఇప్పుడు పేరు తెలిసిందిగా. వెళ్ళి చదువుకుంటుంది. చదువుకోమనే నేనూ అంటున్నాను. ఏం, తప్పా?"

తప్పు కాదు. అదే ఇబ్బంది. ఆయన చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. చదివిన పుస్తకమే నన్ను ఇన్నేళ్ళు నిలబెట్టింది, రాని సర్టిఫికెట్టు కాదు. కానీ ఆవిడ ఇంటికెళ్ళి తను చెప్పలేకపోయాననుకుంటుంది. చెప్పింది. నా కళ్ళ ముందే చెప్పింది. 'నీకు చదువు రాదు' అనే గొంతు ఇవాళ ఆవిడలో చేరుతుంది, నా సంతకంతో.

కలం తీశాను. ఇంటి కిస్తీలు గుర్తొచ్చాయి, మా అత్తగారు గుర్తొచ్చారు, మా ఆవిడకి ఏ మాటతో మొదలుపెట్టాలో వెతుక్కున్నాను. దొరకలేదు.

'సిఫారసు చేస్తున్నాను' అన్న చోట టిక్కు పెట్టాను. కారణం దగ్గర, అడిగిన కష్టమైన ప్రశ్నకి ఆలోచించి తనంతట తనే జవాబు కట్టుకుందని రాశాను. 'సిఫారసు చేసేవారి సర్టిఫికెట్టు' అన్న చోట 'లేదు, డిగ్రీ పూర్తి కాలేదు' అని రాసి, ఫారాన్ని ఆయన వైపు తోశాను.

పెద్దసారు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాడు. చాలాసేపు పట్టింది.

"సంతకం పెట్టలేదు," అన్నాడు, ఫారం వెనక్కిస్తూ.

పెట్టాను.