గిన్నె బరువు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తప్పు చేయడు. తాగుడూ తిరుగుడూ పేకాటా ఉన్న మొగుడైతే నలుగురిలో చెప్పుకొని ఏడవడానికి ఓ దారి ఉంటుంది. తప్పే చేయని మనిషి ఇంట్లో ఉంటే, జరిగిన తప్పులన్నీ మిగిలినవాళ్లు పంచుకోవాలి. మా ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తమ్మ సావిత్రమ్మ. ఆమెకు డెబ్బై దాటాయి కాబట్టి ఆమె వాటా కూడా నాకే వస్తుంది.

ఆయన పేరు నిరంజన్. గద్వాలలో మా ఇంటి ముందుగదిలోనే, నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకొని నేసే గుంత మగ్గం మీద చీరలు నేస్తాడు. షావుకారు పట్టు తూచి ఇస్తాడు, చీర తూచి తీసుకుంటాడు. ఇరవై రెండేళ్లలో గ్రాము తేడా రాలేదని ఆయన రోజుకొకసారైనా అంటాడు. నిజమే, రాలేదు. మగ్గం పక్క గూట్లో ఒక ఎలక్ట్రానిక్ కాంటా, దాని పక్కన ఒక స్టీలు గిన్నె ఉంటాయి. గిన్నె అడుగున ఎర్ర రంగుతో 118 అని రాసి ఉంటుంది. అది గిన్నె బరువు. పట్టును గిన్నెలో వేసి తూస్తాడు, కాంటా చూపినదాంట్లోంచి నూట పద్దెనిమిది తీసేస్తాడు. ఈ తీసివేత ఆయన కునికిపాట్లు పడుతూ కూడా చేయగలడు.

ఇక నా సంగతి. వనపర్తిలో ఉండే మా చెల్లెలు శైలజ ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. పెద్ద ఓవెన్ కొనుక్కొని పాతది నాకిచ్చింది. దాన్ని బస్సులో సీటు మీద కూర్చోబెట్టి, నేను పక్కన నిలబడి తెచ్చుకున్నాను. తెచ్చిన రెండో రోజే మా గల్లీలో ఉండే ఎస్తేరమ్మ అక్క వచ్చి, ఆదివారం చర్చి అయ్యాక వాళ్ల రేఖకు నిశ్చితార్థమని, కేకు ఏ బేకరీలో చెప్పమంటావని అడిగింది. పోయినేడు నాకు ఆపరేషన్ అయినప్పుడు నలభై రోజులు మా ముగ్గురికీ రెండు పూటలా అన్నం పంపిన మనిషి ఆమె. బేకరీ ఎందుకక్కా, నేను చేస్త అనేశాను. అప్పటికి నేను జీవితంలో ఒక్క కేకు కూడా చేయలేదు. ఆమె సంతోషంగా వెళ్లి, పెళ్లికొడుకు తరఫు వాళ్లకు కూడా ఆ మాట చెప్పేసింది.

శైలజ ఫోన్లో ఓపికగా పాఠం చెప్పింది. కొత్తవాళ్లు సామానంతా కొనేయక్కర్లేదట. ఎనిమిది అంగుళాల అల్యూమినియం గిన్నె, గుడ్లు గిలకొట్టే విస్కు, జల్లెడ, కొలత కప్పులూ చెంచాలూ ఉంటే చాలు. ఓవెన్ లేనివాళ్లు కూడా ఆగనక్కర్లేదు, మందపాటి కుక్కర్లో అడుగున ఉప్పు పోసి, స్టాండు పెట్టి, రబ్బరూ విజిలూ తీసేసి మూత పెడితే కేకు వస్తుంది. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కొట్టకూడదు. మూడు గుడ్లు, కప్పు చక్కెర పొడి, అర కప్పు నూనె, అర కప్పు పాలు, వెనిల్లా చుక్కలు. రెండు వందల గ్రాముల మైదాలో ఒకటిన్నర చెంచా బేకింగ్ పౌడర్ కలిపి రెండుసార్లు జల్లించి, గుడ్లలో మెల్లగా కలపాలి, రొట్టె పిండిలా మర్దించకూడదు. ఓవెన్ ముందే పది నిమిషాలు వేడెక్కాలి. ఆ తర్వాత నూట డెబ్బై డిగ్రీల్లో నలభై నిమిషాలు. మొదటి ముప్పై నిమిషాలు భూకంపం వచ్చినా తలుపు తీయకూడదు.

మిగతావన్నీ కప్పులతో కొలిచినా, మైదా మాత్రం తూచే వేయమంది. కప్పులో నొక్కి పోసేవాళ్లు ఒకలా, వదులుగా పోసేవాళ్లు ఒకలా పోస్తారట. గిన్నెను కాంటా మీద పెట్టాకే స్విచ్ వేయమని, అప్పుడు అది సున్నా చూపిస్తుందని కూడా చెప్పింది.

కాంటా మా ఆయనది. దాన్ని వంటింట్లోకి తేనివ్వడు, నూనె చేతులు తగిలితే పట్టు మీద మరకలు పడతాయని. నన్ను తూయనివ్వడు కూడా, నేను డిగ్రీ చదివినదాన్నని. డిగ్రీకీ తూకానికీ పడదని ఆయన నమ్మకం. అందుకని నేను గిన్నె పెట్టి, స్విచ్ వేసి, మైదా డబ్బా పక్కన ఉంచి వంటింట్లోకి పోయి గుడ్లు గిలకొట్టుకుంటాను. ఆయన చేతిలో పోగు ముగించి గుంతలోంచి లేచి, మైదా తూచి పిలుస్తాడు.

మంగళవారం మొదటి కేకు ఓవెన్లోకి ఎలా పోయిందో అలాగే బయటికి వచ్చింది. పొంగలేదు, పగిలింది. చాకు దిగలేదు. అత్తమ్మ దాన్ని వేలితో తట్టి, చప్పుడు విని, కొడుకును పిలిచింది.

"నిరంజనా, గుంతల దిగనీకె మెట్టు వదులైందంటివి గదా. గిది పెట్టుకో."

ఆయన ఒక ముక్క చాయ్‌లో నానబెట్టుకొని తిన్నాడు. తింటూనే తీర్పు చెప్పాడు. "నేను తూచినకాడికి సక్కగనే ఉండె. ఆ తర్వాత నీ చేతుల వడ్డది."

బుధవారం పిండి చపాతీ ముద్దలా ఉందని ఇంకో అర కప్పు పాలు పోశాను. ఈసారి అంచులు గట్టిపడి నడిమి పచ్చిగా మిగిలింది. శైలజకు ఫోన్ చేస్తే, మైదా ఎంత వేశావని అడిగింది. రెండు వందలే అన్నాను. ఎవరు తూచారంది. మీ బావ అన్నాను. అయితే అందులో తప్పుండదు, బేకింగ్ పౌడర్ చచ్చిపోయిందేమో, వేడి నీళ్లలో అర చెంచా వేసి చూడమంది. వేస్తే బుసబుసమని పొంగింది. బేకింగ్ పౌడర్ కూడా తప్పు చేయలేదన్నమాట.

శుక్రవారం ఓవెన్‌ను వేరే ప్లగ్గుకు మార్చాను. గుడ్లు నాలుగు చేశాను. విస్కుతో చేయి పడిపోయేదాకా కొట్టాను. ఏం మార్చినా అదే రాయి. వంట రాని పిల్లలా ఓవెన్ ముందు పీట వేసుకొని కూర్చొని, ఆ గాజులోంచి పొంగని పిండిని చూస్తూ ఉండేదాన్ని. ఇంట్లో ఇన్నేళ్లూ చెయ్యి తిరిగిన మనిషినని అనుకున్నాను. అది కూడా అబద్ధమేనేమో అనిపించింది. ఆయన మటుకు మూడు రోజులుగా కేకు నానబెట్టిన చాయ్ తాగుతూ, కొందరి చేతికి కొన్ని రావని మెత్తగా చెప్తున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

శనివారం పొద్దున నాలుగోది పెట్టబోయే ముందు మైదా కోసం ముందుగది గుమ్మంలో నిలబడ్డాను. ఆయన నా వైపు వీపు పెట్టి ఏదో గొణుక్కున్నాడు. "మూడు వందల పద్దెనిమిది. రెండు వందలు సరి." మగ్గం లెక్క ఏదో అనుకున్నాను. నాలుగోదీ రాయే అయింది. ఎస్తేరమ్మ అక్క దారిన పోతూ తొంగిచూసి, కేకును చూసి, నా ముఖాన్ని చూసి, సాయంత్రం వస్తనని వెళ్లిపోయింది.

మూడు గంటలకు ఆ గిన్నె తోముతూ బోర్లించాను. 118.

ఎన్నేళ్లుగానో చూస్తున్న అంకె. గిన్నె పెట్టి నేను స్విచ్ వేస్తే కాంటా సున్నా చూపిస్తుంది, అంటే గిన్నె బరువును అదే తీసేస్తుంది. ఆయన వచ్చి సున్నాను చూడడు. పోస్తాడు, చివర చూస్తాడు, అలవాటుగా మళ్లీ నూట పద్దెనిమిది తీసేస్తాడు. రెండు వందల మైదా చోట నాలుగు కేకులూ మూడు వందల పద్దెనిమిది తిన్నాయి.

వెళ్లి చెప్పొచ్చు. చెప్తే, ఇరవై రెండేళ్లలో గ్రాము తేడా రాలేదంటాడు. అందుకని గిన్నె తుడిచి, కాంటా మీద పెట్టి, స్విచ్ వేసి, గూట్లో ఉన్న పట్టు చుట్ట అందులో పెట్టాను. షావుకారు నిన్న ఇచ్చింది, పావుకిలో. ఇది తక్కువ ఇచ్చాడేమో ఒకసారి చూడమన్నాను.

ఆయన గుంతలోంచి పైకి వచ్చి చూశాడు. కాంటా మీద 250 ఉంది. పెదవులు కదిలాయి, ముఖం పాలిపోయింది. "నూట ముప్పై రెండే ఉన్నది. సగం పట్టు ఏడ వోయె?"

నేను ఈగ తోలుకున్నాను.

చుట్టను చేతిలోకి తీసుకున్నాడు. ఆయన చేయి పట్టు విషయంలో కాంటాకంటే గట్టిది, అది పావుకిలో అనే చెప్పింది. ఖాళీ గిన్నె ఎత్తాడు. కాంటా ముందు ఒక తీసివేత గీత గీసి, ఆ పక్కన 118 అని చూపించింది. ఆ గీతను ఆయన వేలితో ఒకసారి తుడిచి చూశాడు. తర్వాత గిన్నె పెట్టి, సున్నా అయ్యేదాకా ఆగి, మైదా పోసి, రెండు వందల దగ్గర చేయి ఆపాడు. మునుపటి కుప్పలో సగం కంటే కొంచెం ఎక్కువ. గిన్నెను నా వైపు తోసి మళ్లీ గుంతలోకి దిగాడు.

పిండి మొదటిసారి గరిటె మీంచి రిబ్బనులా జారింది. నాలుగూ ఇరవైకి ఓవెన్లో పెట్టాను. అయిదింటిదాకా ఉండాలి.

అయిదింటికి పావుగంట ముందు ఎస్తేరమ్మ అక్క వచ్చింది, చేతిలో ఫోను. "సుమనా, బేకరాయన రేపటి ఆర్డరు అయిదు దాకనే రాసుకుంటడంట. చెప్పనా, వద్దా? నువ్వేం పరేషాన్ గాకు. ఉన్నది ఉన్నట్లు జెప్పు."

తలుపు తీసి చూపిద్దామంటే కూలిపోతుంది. గాజులోంచి పసుపు రంగు వీపు ఒకటి పైకి లేస్తున్నట్టే ఉంది, కానీ లోపల ఉడికిందో లేదో పుల్ల గుచ్చితే కదా తెలిసేది. చల్లారాక పైన క్రీము పూయడం రేపు పొద్దున మాట. ఈసారి తప్పకుండా వస్తుందన్న ముక్క ఆమెకు ఈ వారంలో మూడుసార్లు చెప్పాను, నాలుగోసారికి నోరు రాలేదు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడిగితే ఏం చెప్పను? నేను చెప్తే అది మొగుడి మీద నెపం అవుతుంది. ఆమె బొటనవేలు ఫోను మీదికి పోయింది.

ముందుగదిలో మగ్గం చప్పుడు ఆగింది. ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"కాంటా కొత్త రకంది అక్కా..." అని మొదలుపెట్టి ఆగాడు.

మూలన మగ్గానికి పట్టు దారం కండెలు చుడుతున్న అత్తమ్మ తల ఎత్తలేదు. "కాంటాకు నోరు లేదు బిడ్డా. నీకున్నది."

ఆయన తన గిన్నె వైపు చూశాడు, నా వైపు చూడలేదు.

"ఫోను లోపల వెట్టుకో అక్కా, కేకు అయితది. సుమన చేతిల ఏం తప్పు లేకుండె. కాంటా తీసేసిన గిన్నె బరువును నేను మల్ల తీసేసిన. నాలుగు మార్లు. తప్పు నాదే."