తెరలో మిగిలిపోయిన సాలు

మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఎండ చురుక్కుమంటోంది, ఆకు కదలడం లేదు. ఆదివారం కాబట్టి మిరపకోతలు లేవు. పున్నమ్మ అంట్లు తోమి బోర్లించి, చేతులకు కొబ్బరినూనె రాసుకుని, కూతురికి జడ వేయడానికి కూర్చుంది. కోతల రోజుల్లో ఎంత కడిగినా వేళ్ళ మంట పోదు మరి.

"తేజా, తల నిలుపు."

తేజశ్రీ పలకలేదు. రెండోసారి చెబితే నిలిపింది.

ఏడాదిగా ఇంతే. ఇరవై ఏళ్ళ పిల్ల. పెడితే తింటుంది, అడిగితే ఓ ముక్క చెబుతుంది. ఒంగోల్లో డిగ్రీ ఆఖరి ఏడు వదిలేసి వచ్చింది. పొద్దు వాలేసరికి లేచి, చెప్పులైనా వేసుకోకుండా పొలం దారి పడుతుంది. రెండుసార్లు నేలబావి అంచున దొరికింది. "ఇక్కడికెందుకొచ్చావే?" అంటే, "మిరప సాలు ఎందాకా ఉందో చూద్దామని" అంది. డాక్టరు రక్తం తక్కువన్నాడు. పెదకాకానిలో పూజ చేయించారు. కోతల ముఠాలో తనతో పాటు వచ్చే షాహిస్తా దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. దేనికీ గుణం లేదు. మూడోసారి తను వెళ్ళేలోపే పిల్ల బావిలో అడుగేస్తుందేమోనన్నది పున్నమ్మ గుండెల్లో రాయి.

ఎప్పుడు మొదలైందో ఆమెకు తెలుసు. సినిమా వాళ్ళు వచ్చి వెళ్ళిన వారం నుంచి. చీరాల నేతవాళ్ళ అమ్మాయి శిల్ప సినిమా తీస్తూ, కాయ కోయడం వచ్చిన పిల్ల కావాలని గుమ్మంలో నిలబడి అడిగితే, "వారం రోజులేగా, పోయిరా" అని పంపింది తనే.

ఆ సినిమా పేరు 'ఎర్రకల్లం'. ఇప్పుడు దాని మీద టీవీల్లో రోజూ రభస. కోతకొచ్చిన ఆడవాళ్ళు ఎండకు పడి చచ్చిపోతారట. చచ్చిపోయాక కూడా కోస్తూనే ఉంటారట. రైతుల పరువు తీసిందని ఒకరు, ఉన్నదే చూపించిందని ఒకరు. గుంటూరులో రెండో ఆటకే ఎత్తేశారు. "మన పొలాల్లో తీసింది మనమే చూడకపోతే ఎట్టా?" అని ఆదాం, గోడౌనుగా మారిన తన పాత టాకీసులో మిర్చి బస్తాలు ఓ పక్కకు జరిపించి, ఒక్క మ్యాట్నీకి తలుపులు తీశాడు.

ఆ టాకీసు తెరలోకి చెయ్యి వెళుతుంది. అది ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే.

పున్నమ్మ చిన్నప్పుడు ఆడవాళ్ళంతా తెర కింద నేల మీదే కూర్చునేవాళ్ళు. పాటలో వాన మొదలైతే ముందు రెండు వరసల్లో గొడుగులు లేచేవి. వాళ్ళమ్మ అయితే, హీరోయిన్ కొప్పులో పూలు జారితే చాలు, లేచి సర్ది వచ్చేది. "నూనె పెట్టే దిక్కు లేదు కాబోలు, జుట్టంతా పీచు" అని ఆ పిల్ల మీద జాలిపడేది. పెళ్ళి భోజనాల సీను వస్తే మగవాళ్ళ వైపు నుంచి కూడా తోసుకొచ్చేవాళ్ళు. అరిసెలు బాగుండేవి, నెయ్యే కాస్త తక్కువ. ఎవరో విలన్ చెవి మెలేస్తే, ఆ బొమ్మ ఆడినన్నాళ్ళూ ఆ చెవి ఎర్రగానే ఉండిపోయింది. పంపిణీవాళ్ళు వచ్చి గొడవ పెట్టుకున్నాక ఆదాం ఒక స్లైడు రాయించాడు: 'పొగ త్రాగరాదు. తెరలో చేతులు పెట్టరాదు.' గోలీసోడా కొట్టిన చప్పుడు, ఇంటర్వెల్లో పునుగుల వాసన, అమ్మ ఒళ్ళో నిద్రపోతూ సగం సగం విన్న మాటలు... పున్నమ్మకి సినిమా అంటే ఇప్పటికీ అవే.

తేజశ్రీని పట్టుకుని ఆటో ఎక్కింది. షాహిస్తా, వదిన వరస నాంచారమ్మ అప్పటికే ఎక్కి కూర్చున్నారు.

"దాన్నెందుకే తీసుకురావడం? అసలే బెదిరి ఉంది," అంది నాంచారమ్మ.

"నా పిల్ల ఎక్కడ ఆగిపోయిందో చూడాలి వదినా."

టాకీసు గుమ్మంలో ఆదాం టార్చిలైటుతో నిలబడి ఉన్నాడు. జుట్టు ముగ్గుబుట్ట అయింది గానీ గొంతు మాత్రం అదే.

"పున్నమ్మా, కుదురుగా కూర్చో. మీ అమ్మ పోలిక రానీయమాక."

"ఇప్పుడు రీళ్ళు కాదంటగా బాబాయ్?"

"పెట్టె మారింది. తెర అదే."

సినిమాలో పాటల్లేవు. అరుపులూ లేవు. కాయ తుంచిన చప్పుడే, గంటన్నర. ఒక్కొక్కళ్ళే సాళ్ళలో ఒరిగారు, ఒక్కొక్కళ్ళే లేచారు. లేచిన వాళ్ళ కళ్ళ మీద ఎర్రటి ధూళి వాలుతున్నా రెప్ప పడలేదు. ఆసామి టీ పోయించాడు. అది మింగుడు పడక గడ్డాల మీదుగా కారిపోయింది. అయినా ఎవరూ ఏమీ అడగలేదు. చెట్టుకు కట్టిన ఉయ్యాల్లోంచి పసిపిల్లని తీసి తల్లి పాలిచ్చింది. రొమ్ము వదిలిన పిల్ల నోరు ఎర్రగా ఉంది.

వెనక నుంచి నలుగురు లేచారు. "ఛీ, ఇదేం సినిమా! ఆపవయ్యా!" అని తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. పక్కకు పెట్టిన బస్తాల ఘాటుకి హాలంతా దగ్గుతోంది. షాహిస్తా కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"ఇందులో దయ్యాలెక్కడున్నయ్యే?" అంది నాంచారమ్మ మెల్లిగా. "పోయినేడు మనమూ ఇట్టాగే లేమూ?"

తెరలోకి మాత్రం ఎవరూ చెయ్యి చాపలేదు.

చివరికి తెర మీద అందరూ పోయి తేజశ్రీ ఒక్కతే మిగిలింది. ఒకటే సాలు. సాలు చివర నేలబావి. పిల్ల వంగి కోసుకుంటూ బావి వైపు పోతోంది. కెమెరా కదలదు. పొద్దు వాలదు.

పున్నమ్మ పక్కకు చూసింది. బల్ల మీద కూర్చున్న తేజశ్రీ వేళ్ళు ఒళ్ళో కదులుతున్నాయి. తొడిమ దగ్గర పట్టి తుంచినట్టు, ఒకటి, మళ్ళీ ఒకటి.  ఏడాదిగా ఇది ఇంకా కోస్తూనే ఉంది.

"తేజా!" అని తెర వైపు పిలిచింది. తెర మీద పిల్లా తిరగలేదు, బల్ల మీద పిల్లా తిరగలేదు.

"పిలిస్తే వస్తదా?" అంది నాంచారమ్మ. "సాలు సగంలో ఉంటే ఎవతి వస్తది?"

నిజమే. పట్టిన సాలు సగంలో వదిలి ఏ కోతమనిషీ రాదు. వెనకబడ్డదాన్ని ఎవరూ కేకేయరు కూడా. తమ సాలు అయినవాళ్ళు అవతలి చివరకు వెళ్ళి ఎదురు కోసుకుంటూ వస్తారు. చేతులు కలిసిన చోట పని అయిపోతుంది, అందరూ కలిసి ఇంటికి పోతారు. శిల్పకు ఇది తెలియదు. బతికున్నా చచ్చినా, ఏ ముఠా కూడా ఒక పిల్లని సాల్లో ఒంటరిగా వదిలి రాదని ఆమెకెవరూ చెప్పలేదు.

పున్నమ్మ లేచింది. కొంగు బిగించి ఒడి కట్టుకుంది.

మీద టార్చిలైటు పడింది. "పున్నమ్మా! స్లైడు చూళ్ళేదా?"

"చూశా బాబాయ్."

కుడి కాలు ముందు పెట్టి తెరలోకి దిగింది. లోపల ఎండ మండిపోతోంది. కాలి కింద గడ్డలు గుచ్చుకున్నాయి. గట్టు వెంట నడిచి సాలు చివరకు చేరి, బావికి వీపు పెట్టి వంగింది. తల ఎత్తలేదు. పిల్లని పిలవలేదు. రెండు చేతులా కోసుకుంటూ వచ్చింది.

వెనకే షాహిస్తా వచ్చింది. నాంచారమ్మ మోకాళ్ళు పట్టుకుని ఆఖరికి దిగింది.

"ఆదాం బాబాయ్, తెర మీద ఎట్టున్నానో చెప్పు! పౌడరన్నా రాసుకోకపోతినే!"

హాల్లో దగ్గుల మధ్య నవ్వులు వినపడ్డాయి.

"మాటలాపి చెయ్యాడించవే," అంది షాహిస్తా. "పొద్దు పోతంది."

నిజంగానే పొద్దు పోవడం మొదలైంది. ఇద్దరి మధ్య పది చెట్లు. అయిదు. ఒకటి. ఆ ఒక్క చెట్టు మీద తల్లి వేళ్ళూ కూతురి వేళ్ళూ తగిలాయి. తేజశ్రీ నడుము మీద చెయ్యి పెట్టుకుని నిటారుగా నిలబడింది. ముఖమంతా చెమట.

"ఇంత సేపు చేశారేమే అమ్మా?" అంది.

 పున్నమ్మ ఆ మణికట్టు పట్టుకుని కిందకు దిగింది, వెనకే మిగతా ఇద్దరూ. బల్ల మీదున్న తేజశ్రీ కాస్త జరిగి చోటిచ్చింది. వచ్చిన పిల్ల కూర్చుంది. ఇద్దరూ సర్దుకునేసరికి అక్కడ ఒక్కతే ఉంది, అరచేతులు ఊదుకుంటూ. వెనక వరసలో ఎవరో, "మంచినీళ్ళు అందించండమ్మా పిల్లకి" అన్నారు.

దీపాలు వెలిగాయి. శిల్ప వెనక వరసలోంచి గబగబా వచ్చింది. పాలిపోయి ఉంది.

"ఆంటీ, నా సినిమా అట్లా అయిపోదు. ఆ అమ్మాయి తిరిగి రాదు. నేను తీసింది అది కాదు."

"అయిపోయిందిగా తల్లీ," అన్నాడు ఆదాం. "ఈ హాల్లో ఎవరు తీసింది తీసినట్టు మిగిలింది గనక?"

పున్నమ్మ ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. "బాగా తీశావమ్మా. బల్ల మీద కూర్చోనియ్యలేదు నన్ను." తెర వైపు చెయ్యి చూపించింది. "ఈసారి తీసేటప్పుడు ఎదురు కోసేవాళ్ళని పెట్టు."



ఆటోలో తేజశ్రీ మాట్లాడుతూనే ఉంది. ఆకలన్నది. చేతులు మండుతున్నాయన్నది. ఇప్పుడు ఏ నెల అని అడిగి, మాఘం అంటే ఉలిక్కిపడి, "అయితే పరీక్షలు దగ్గరకొచ్చినట్టే, రేపు ఒంగోలు పోవాలి" అంది. నేలబావి దారి వచ్చినప్పుడు నాంచారమ్మ పిల్ల చెయ్యి పట్టుకుంది. షాహిస్తా తాయెత్తు వైపు చూసింది. తేజశ్రీ అటు ఓసారి చూసి, "ఆ బావికి గోడ కట్టరేంటే? గొడ్డో గోదో పడుద్ది," అని మళ్ళీ పరీక్షల సంగతి ఎత్తుకుంది.

ఇంటి ముందు ఆటో ఆగింది. ఇంకా వెలుగుంది. పున్నమ్మ ముందు దిగి, కోత నుంచి వచ్చిన ముఠాని లెక్కపెట్టినట్టు ఒక్కొక్కళ్ళ చెయ్యి పట్టి దించింది. పట్టిన చెయ్యి వెంటనే వదల్లేదు.

"షాహిస్తా, ఒకటి. వదిన, రెండు." కూతురి జడ ముందుకు వేసింది. "తేజ... మూడు."

"నువ్వో?" అంది నాంచారమ్మ.

పున్నమ్మ తన కాళ్ళ వైపు చూసుకుంది. వేళ్ళ సందున నల్లరేగడి మట్టి ఇంకా వెచ్చగానే ఉంది.

"నేనూ వచ్చా," అంది. "నాలుగు."