ఏజెంట్లు వణికే మనిషి

క్రెయిగ్ మూడు పేర్లు చెప్పాడు. ముగ్గురూ ఇళ్ళు తనిఖీ చేసేవాళ్ళే, ముగ్గురూ బంగారం లాంటివాళ్ళేనట. "ఎవరిని పెట్టుకున్నా ఒకటే మార్సెల్లా గారూ. అలా వచ్చి ఇలా చూసేసి వెళ్ళిపోతారు" అన్నాడు. అక్కడే నాకు ఒళ్ళు మండింది. ఇల్లు అమ్మేవాళ్ళకీ ఏజెంటు ఆయనే, కొనే నాకూ ఆయనే. ఇక తప్పులు పట్టే మనిషిని కూడా ఆయనే తెస్తే, దొంగ చేతికి తాళాలిచ్చినట్టే కదా!

ఇన్నేళ్ళూ పిట్స్‌బర్గ్‌లో అద్దె కొంపల్లోనే బతికాను. మా ఆయన పోయాక, దాచుకున్నదంతా ఊడ్చి కొంటున్న మొదటి ఇల్లు ఇది. కొండవాలు మీద ఎర్ర ఇటుకల ఇల్లు, ముందు వరండా, అక్కడ కూర్చుంటే కింద నది కనిపిస్తుంది. ఆ వరండా మీద నాకు ప్రాణం. కానీ ఒకసారి పొరపాటు పడితే దిద్దుకునే వయసు కాదు నాది.

మా తమ్ముడు ఎమిల్ అసలు తనిఖీయే వద్దన్నాడు. ఈ మధ్య మా ఊరికి అదో పిచ్చి పట్టింది. ఇంటికోసం పోటీ పడేవాళ్ళు "మాకు తనిఖీ అక్కర్లేదు, ఉన్నదున్నట్టు కొంటాం" అంటారు. అమ్మేవాళ్ళు మురిసిపోయి వాళ్ళకే ఇస్తారు.

"నువ్వు తనిఖీ అంటూ కూర్చుంటే ఇంకోడు తన్నుకుపోతాడక్కా. నేను అలాగే కొన్నానా, నాకేమైంది?"

"ఏమైందా? వానొస్తే స్నానాల గదిలోకి గొడుగేసుకుని వెళ్తావురా నువ్వు!"

"అది కప్పు తప్పు, నా తప్పు కాదు" అన్నాడు ఎమిల్, ఏమాత్రం సిగ్గుపడకుండా.

నేను బడిలో పిల్లలకు వండిపెట్టేదాన్ని. మా వంటగది శుభ్రత చూడటానికి ఇద్దరు మార్చి మార్చి వచ్చేవారు. పెద్దాయన వస్తున్నాడంటే కాఫీ పెట్టేవాళ్ళం. ఇంకొకావిడ వస్తోందంటే ఫ్రిజ్ జరిపి దాని వెనక కూడా తుడిచేవాళ్ళం. ఆవిణ్ణి మేం తిట్టుకోని రోజు లేదు, అయినా పిల్లల కడుపులు కాపాడింది ఆవిడే. అందుకే నాకు అందరూ మెచ్చుకునే మనిషి వద్దు, ఏజెంట్లు తిట్టుకునే మనిషి కావాలి.

ఆ పేరు ఏజెంట్ల నోటనే చెప్పించాను. ఊళ్ళో మిగతా ఏజెంట్లకు ఫోన్ చేసి, గొంతు దీనంగా పెట్టి అడిగాను.

"బాబూ, నా ఇల్లు అమ్ముకోవాలి. కొనేవాళ్ళు తనిఖీకి ఎవర్ని తెస్తే నా కొంప మునుగుతుంది?"

"లోర్నా హ్రుష్కా" అన్నాడు మొదటివాడు తడుముకోకుండా. "ఆవిడ అడుగు పెట్టిందంటే బేరం చచ్చినట్టే." తరువాత మాట్లాడినావిడ అదే పేరు నిట్టూర్చి చెప్పింది. ఇంకొకాయనైతే "హ్రుష్కా వ్యాన్ కనబడితే తలుపు తీయకండి" అన్నాడు. నాకు నవ్వాగక ఫోన్ పెట్టేశాను.

వెంటనే లోర్నాకు ఫోన్ చేశాను.

"ఏ ఏజెంటు పంపాడు?" ఎత్తగానే అదే మాట. "ఏజెంట్లు పంపితే నేను రాను."

"ఎవరూ పంపలేదమ్మా. నువ్వంటే అందరూ వణుకుతున్నారు, అందుకే చేశాను."

అవతల పెద్ద నవ్వు. "శనివారం వస్తా. నువ్వూ నా వెనకే తిరగాలి. పాత బట్టలేసుకుని రా."

శనివారం పొద్దున్నే వెళ్ళి, ఆవిడ వ్యాన్‌కు చోటు పోకుండా వీధిలో ఒక వంటింటి కుర్చీ వేశాను. మా ఊళ్ళో అలా వేసిన కుర్చీని కదిపే మొనగాడు లేడు. వ్యాన్ మీద పేరు చదవగానే క్రెయిగ్ మొహం మాడిపోయింది.

"ఈవిడెందుకండీ? మంచివాళ్ళ పేర్లు ఇచ్చాను కదా!"

"మంచివాళ్ళనే ఇచ్చారు బాబూ. నాకు గయ్యాళి కావాలి."

లోర్నా కప్పెక్కింది, అటక దూరింది, గోడలు తట్టింది, చివరికి నేలమాళిగలోకి దిగింది. అక్కడ గోడలకు కొత్త సున్నం మెరిసిపోతోంది. మా ఊరి పాత ఇళ్ళన్నిట్లో ఉన్నట్టే, మరుగుదొడ్డి ఒకటి గోడాతలుపూ లేకుండా నడిమధ్యన కూర్చుంది. పైకెళ్ళి కుళాయిలన్నీ ఒకేసారి తిప్పమని నాతో అంది లోర్నా. తిప్పి కిందికి వచ్చేసరికి నేలలోని కాలువ రంధ్రం గుడగుడలాడి, మురుగునీళ్ళు పైకి తన్నుకొచ్చాయి. నా బూట్లు తడిశాయి, క్రెయిగ్ మెరుగు బూట్లూ తడిశాయి. నా వరండా పోయిందనుకున్నాను.

లోర్నా తీగకు కట్టిన కెమెరాను మురుగు గొట్టంలోకి పంపి, చిన్న తెరమీద చూపించింది. ఇంటి ముందున్న చెట్టు వేళ్ళు గొట్టాన్ని నలిపి ముక్కలు చేశాయి.

"చంపేసింది" అన్నాడు క్రెయిగ్. "బేరం చంపేసింది!"

"నోర్ముయ్యవయ్యా, చచ్చింది గొట్టం" అంది లోర్నా. నావైపు తిరిగింది. "ఇల్లు నిక్షేపంలా ఉందమ్మా. గోడలు గట్టివి, కప్పు గట్టిది. వదులుకోకు. గొట్టం మాత్రం వాళ్ళ చేతే వేయించుకో."

"వాళ్ళు వేయించరు" అన్నాడు క్రెయిగ్. "మీ వెనక ఇంకా జనం కాచుకుని ఉన్నారు, తనిఖీ కూడా వద్దంటున్నారు."

అప్పుడు నాకు వచ్చింది కోపం కాదు, ధైర్యం. "అయితే వాళ్ళకే అమ్ముకోండి. కానీ తెలిసిన లోపం దాచి అమ్మకూడదని మన రాష్ట్రంలో చట్టం ఉంది కదా? ఇందాకటిదాకా తెలియదని తప్పించుకునేవాళ్ళేమో. ఇప్పుడు మీ బూట్లే సాక్ష్యం. రేపు ఎవరొచ్చినా మీ నోటితోనే చెప్పాలి."

క్రెయిగ్ తన బూట్లవైపు చూసుకున్నాడు. తరువాత ఫోన్ పట్టుకుని మెట్లెక్కి వెళ్ళాడు.

ఇంటి ముందంతా తవ్వి అమ్మేవాళ్ళే కొత్త గొట్టం వేయించారు. ఇంట్లో దిగిన రోజు ఎమిల్‌ను పైకి పంపి కుళాయిలన్నీ తిప్పించాను. నేను కింద ఆ రంధ్రం పక్కన నిలబడ్డాను. చుక్క పైకి రాలేదు. ఆ నేలమాళిగలో ఒక్కదాన్నే గెంతులు వేశాను.

ఆకులు రాలే రోజుల్లో వరండాలో కూర్చుని ఉంటే క్రెయిగ్ ఫోన్ చేశాడు.

"మార్సెల్లా గారూ, మా అమ్మాయి ఇల్లు కొంటోందండీ. హ్రుష్కా గారు నేను పిలిస్తే రారు. మీరు ఒక్క మాట..."

"బంగారం లాంటివాళ్ళు ముగ్గురున్నారు కదా బాబూ?"

నది మీద పడవ ఒకటి మెల్లగా పోతోంది. అది వంతెన దాటేదాకా ఆయన్ని అలాగే ఉంచాను.

"చెబుతాలెండి. మీ అమ్మాయిని పాత బట్టలేసుకుని రమ్మనండి."