మోగని సైరన్

దగ్గు వినిపించినా నాగజ్యోతి మొదట తల తిప్పలేదు. మిరపకాయలున్న చోట దగ్గు ఉండనే ఉంటుంది. చిలకలూరిపేట రోడ్డులోని ఆ కోల్డ్ స్టోరేజిలో వేసవి సీజన్లో తుమ్మని మనిషీ దగ్గని మనిషీ కనిపించరు. కానీ ఈ దగ్గు ఆగలేదు. ఒకరి తర్వాత ఒకరు కాదు, అందరూ ఒక్కసారే దగ్గుతున్నారు. ఆ వెనకే ముక్కు లోపల కోసేసినట్టు ఘాటు ఆఫీసు గదిలోకి కొట్టింది.

అమ్మోనియా.

ఆమె కంప్యూటర్ తెర వంక చూసింది. మిరపకాయల తొడిమలు తీసే షెడ్డు వెనక, గోదాముకు చల్లదనం తీసుకెళ్ళే అమ్మోనియా గొట్టాల పక్కన ఒక సెన్సారు బిగించి ఉంది. గాలిలో అమ్మోనియా ఎంతుందో అది చెబుతుంది. తెర మీద మూడు అని ఉంది. పొద్దున వచ్చినప్పుడూ మూడే. ముప్పై దాటితే సైరన్ మోగాలి. ఇక్కడ ఊపిరి తీయడమే కష్టమవుతుంటే ఆ మూడు మాత్రం కదల్లేదు.

చున్నీ నీళ్ళలో ముంచి మూతికి కట్టుకుని షెడ్డు వైపు పరుగెత్తింది.

"బయటికి రండి, బయటికి రండి" అని అరుస్తుంటే గొంతు పూడుకుపోయింది. ఆడవాళ్ళు కాయల కుప్పల మీదుగా పడుతూ లేస్తూ వస్తున్నారు. కళ్ళు మూసుకునే పరుగెత్తుతున్నారు. చల్లదనం మిషన్లు చూసే గౌస్ బాషా వాళ్ళకు ఎదురెళ్ళి, గోడ పట్టుకు నడిచి, మిషన్లు ఆపి, అమ్మోనియా వాల్వు కట్టేసి వచ్చాడు. వచ్చి వాకిట్లో వాంతి చేసుకున్నాడు.

"మా అత్త ఏదీ?" అని కూలీల్లోంచి వెంకటేశ్వరమ్మ ఒకటే కేక.

ఆమె అత్త కోటిరత్నం లోపలి మూలన, గొట్టానికి దగ్గరగా కూర్చుంటుంది. అక్కడ కాస్త చల్లగా ఉంటుందని ఆమె ఎప్పుడూ ఆ చోటే పట్టుకునేది. హమాలీలు ఇద్దరు గోనెసంచులు తడిపి కప్పుకుని వెళ్ళి మోసుకొచ్చారు. నాగజ్యోతి డ్రమ్ములో నీళ్ళు చెంబులతో ముంచి ఆమె కళ్ళ మీద పోసింది. ఎన్ని పోసినా కోటిరత్నం రెప్పలు తెరవలేకపోయింది.

"మండిపోతన్నయమ్మా. నిప్పులు పోసినట్టు మండిపోతన్నయి" అని మాత్రం అంది.

ఆటోలో ఆమెను గుంటూరు ఆస్పత్రికి పంపించి, నాగజ్యోతి ఆఫీసు మెట్ల మీద కూలబడింది. ఇలా అవుతుందని ఆమెకు తెలుసు. తెలిసి చెప్పింది కూడా.

నాగజ్యోతిది పెదకాకాని. ఎం.సి.ఏ. చదివి, నెలకు మూడువేల ఐదువందలకు ఇక్కడ కంప్యూటర్ చూసే పనిలో చేరింది. ఆ కంప్యూటర్లో ఉన్నది లైనక్స్. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. దేశదేశాల వాళ్ళు తలా కాస్త రాసి, తప్పులు దిద్ది, అందరూ వాడుకోమని వదిలేసిన ఆపరేటింగ్ సిస్టమ్. ఓనరు చెంచురామయ్యకు అందులో నచ్చింది ఒక్కటే, ఊరికే వచ్చింది. నాగజ్యోతికి నచ్చింది వేరు. ఆదివారాలు బ్రాడీపేటలో నెట్ సెంటర్‌కి వెళ్ళి, ఎవరో రాసిన దాంట్లో చిన్నచిన్న తప్పులు వెతికి దిద్ది పంపేది. గొప్ప పనేం కాదది. ఇల్లు ఊడ్చినట్టు, రోజూ ఎవరో ఒకరు చేస్తూ ఉండాల్సిన పని.

సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు చల్లదనం అంకె తెర మీద పూటంతా కదలకుండా ఉండిపోయింది. అనుమానం వచ్చి వెతికితే లోపం దొరికింది. చల్లదనానిదైనా అమ్మోనియాదైనా, సెన్సారు చెప్పేదాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంది. తీగలో కరెంటు ఒక్క క్షణం తడబడితే అది మొద్దుబారిపోయి, పాత అంకెనే మళ్ళీమళ్ళీ అందిస్తోంది. ఆ సంగతి రాసి, తనకు తోచిన దిద్దుబాటు పంపింది. ఎక్కడో పోలండ్‌లో ఉన్నతను దాన్ని పరీక్షించి, ఇంకొంచెం సరిచేశాడు. దిద్దిన ప్రోగ్రాం తయారైంది. ఇక్కడి కంప్యూటర్లో ఎక్కించడమే మిగిలింది. మిషన్లను నడిపేదీ ఆ కంప్యూటరే గనక గంటసేపు అన్నీ ఆపాలి.

మేనేజరు జయరావును అడిగింది. "సీజన్ పోనీయమ్మా" అన్నాడు. ఓనర్ని అడిగింది. "రోడ్డు మీద లారీలు నిలబడి ఉంటే మిషన్ ఆపమంటావేంది? పనిచేస్తా ఉన్నదాన్ని కెలకమాకు" అన్నాడు. మళ్ళీ అడిగితే జయరావు నవ్వి, "నీకు పని తక్కువైనట్టుందే" అన్నాడు. ఆ తర్వాత ఆమె అడగలేదు.

ప్రమాదం సంగతి విని వచ్చిన చెంచురామయ్య కారు దిగుతూనే గోదాం తలుపులు చూశాడు, తర్వాత మనుషుల్ని చూశాడు. నాగజ్యోతిని లోపలికి పిలిచి నెమ్మదిగానే మాట్లాడాడు.

"సాయంత్రం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తన్నాడు. సైరన్ మోగింది, ఆడోళ్ళు కబుర్లలో పడి లేవలేదు. నువ్వు చెప్పాల్సింది అంతే."

"మోగలేదు గదండీ."

"మోగలేదంటే గోదాం సీలేస్తారు. లోపల రైతుల మిరప బస్తాలున్నయి. మీ నాన్న టిక్కీలు కూడా లోపలే ఉన్నయి, మర్చిపోయావా? ఆ ముసల్దాని ఆస్పత్రి ఖర్చంతా నేను పెట్టుకుంటా. నువ్వు ఇంకో మాట మాట్లాడావా, అదీ లేదు, నీ ఉద్యోగమూ లేదు. ఆలోచించుకో."

నాగజ్యోతి బస్సెక్కి ఆస్పత్రికి వెళ్ళింది.

వార్డులో మంచాలు చాలక కోటిరత్నాన్ని కింద చాప మీద పడుకోబెట్టారు. రెండు కళ్ళకూ కట్లు. ఒక కన్ను గురించి ఏమీ చెప్పలేమన్నారని వెంకటేశ్వరమ్మ గుసగుసగా చెప్పింది. నాగజ్యోతి చాప పక్కన కూర్చుని, ఓనరు అన్న మాటలు ఒక్కటీ దాచకుండా చెప్పేసింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది.

"నీ కంటికి వైద్యం ఆగిపోద్దేమో పెద్దమ్మా. నేనేం చెయ్యను?"

దగ్గు తెర వచ్చి పోయాక కోటిరత్నం చేత్తో తడుముకుని నాగజ్యోతి మోకాలు పట్టుకుంది.

"ఆయన పెడతానన్నా నాకు నమ్మకం లేదమ్మా. పెట్టినా నా కన్నొస్తదో రాదో. ఇది మాత్రం రేపు ఆ గొట్టం కాడ్నే కూర్చోవాల" అంటూ కోడలి వైపు గడ్డం ఎత్తింది. "కూర్చోకపోతే మాకు పొయ్యి వెలగదు. ఈసారన్నా ఆ సైరన్ మోగాల."

నాగజ్యోతి తిరిగొచ్చేసరికి ఇన్‌స్పెక్టరు ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూల్‌డ్రింకు తాగుతున్నాడు. ఆయన ఎదుట చెంచురామయ్య, జయరావు.

"ఏమ్మా, సైరన్ మోగిందా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"మోగలేదండీ. కంప్యూటర్లో లోపం ఉంది. చాలా రోజులుగా ఉంది."

చెంచురామయ్య మొహం కందగడ్డయింది. ఇన్‌స్పెక్టరు సీసా బల్ల మీద పెట్టి, ఆమె వైపు కాక ఓనరు వైపు చూస్తూ అన్నాడు.

"డబ్బులు పెట్టి కొనకుండా ఊరికే వచ్చేది వాడితే ఇట్టాగే ఉంటదండి."

"నేనూ అదే అంటన్నా. ఈ అమ్మాయే పెట్టించింది" అన్నాడు చెంచురామయ్య.

నాగజ్యోతి బల్ల అంచు పట్టుకుంది.

"ఊరికే ఇచ్చినోళ్ళు బాగుచేసి కూడా ఇచ్చారు సార్. గంటసేపు మిషన్ ఆపమని అడిగాను. ఆపనివ్వలేదు."

ఇన్‌స్పెక్టరు ఏమీ రాసుకోలేదు. పెన్ను జేబులోనే ఉంది. రేపు ఆఫీసుకు రమ్మని, ఎవరిని రమ్మన్నాడో తెలియకుండా చెప్పి, లేచి వెళ్ళిపోయాడు. కారు గేటు దాటేదాకా చెంచురామయ్య చేతులు కట్టుకునే నిలబడ్డాడు.

తర్వాత ఆమె వైపు తిరిగాడు. "మిషన్ ఆన్ చెయ్యి. చేసి, నీ సామాను తీసుకుని పో."

"దిద్దింది ఎక్కించకుండా ఆన్ చెయ్యనండీ."

"చెయ్యవా?"

"చెయ్యను."

ఆ మాట అంత చిన్నగా వస్తుందని ఆమే అనుకోలేదు. మీ నాన్నకు ఏం చెప్పుకుంటావో చెప్పుకోమని జయరావు ఏదో అంటున్నాడు. ఆమెకు సగమే వినిపించింది. నాన్న టిక్కీలు గుర్తొచ్చాయి. అయినా కంప్యూటర్ వైపు చెయ్యి చాపలేదు.

"విజయవాడ నుంచి ఇంకోణ్ణి పిలిపిస్తా" అని చెంచురామయ్య ఫోన్ తీశాడు. నంబరు నొక్కుతూనే కిటికీలోంచి కేకేశాడు. "ఒరేయ్ బాషా, కంప్యూటర్ లేకుండానే మిషన్ తిప్పరా. వాల్వు తెరువు. ఆడోళ్ళని లోపలికి పంపు."

షెడ్డు బయట సాయంత్రపు ఎండలో ఆడవాళ్ళు గోడవార కూర్చుని ఉన్నారు. పొద్దుటి నుంచి కూలి లేదు. అయినా ఇళ్ళకు పోలేదు. గౌస్ బాషా వాళ్ళ మధ్యనే నిలబడి ఉన్నాడు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఓనరు వైపు చూశాడు. ఆడవాళ్ళ వైపు చూశాడు. ఒకామె పిల్లను ఒళ్ళోకి లాక్కుని, పక్కకు జరిగి చోటిచ్చింది.

బాషా ఆ చోట్లో కూర్చున్నాడు.