సున్నం మూడు

నేను అక్షరాలు నేర్చుకుని రెండేళ్ళే అయింది. చెయ్యి ఇంకా నెమ్మదే. ఈ కల రాయడానికి పదకొండు రోజులు పట్టింది. ఎక్కడైనా ఒత్తులు జారిపోయినా, సున్నలు ఎగిరిపోయినా తప్పుగా అనుకోకుండా సర్దుకుని చదవండి.

నేను సముద్రం అడుగున నడుస్తున్నాను, చీర తడవడం లేదు, కాళ్ళ కింద ఇసుక మా సున్నపు బట్టీ దగ్గరి బూడిదలా మెత్తగా ఉంది, అడుగు వేసినప్పుడల్లా పైకి లేచి, కాసేపు ఆలోచించుకుని, మళ్ళీ కిందికి దిగుతోంది. దూరంగా అద్దాల ఇల్లు ఒకటి పచ్చటి వెలుగుతో కనిపిస్తోంది. అది మా ఆయన కోదండం కంప్యూటరు ఆటలో కట్టుకున్న ఇల్లు, తెరమీద నా అరచేయంత ఉండేది, ఇప్పుడు దాని తలుపు నా ఎత్తుంది. ఆయన పోయి మూడేళ్ళయిందని నాకు కలలో కూడా తెలుసు. అయినా తలుపు తడుతున్నాను.

"తోసుకుని రామే. పరాయిదానిలా తడతావేంది?" అంటున్నాడు లోపలినుంచి.

లోపల ఆయన పీట మీద కూర్చుని ఉన్నాడు, లుంగీ మోకాళ్ళ పైకి మడిచి, భుజం మీద తుండుగుడ్డతో, నేను ముందు చూసేది ఆయన ముఖం కాదు, ఛాతీ. దగ్గడం లేదు. ముప్పై ఏళ్ళు పులికాట్ నీళ్ళలో మునిగి గుల్ల తోడి, ఒడ్డున బట్టీలో కాల్చి సున్నం చేసిన మనిషి, ఆ దుమ్ము లోపల పేరుకుని చివరి రెండేళ్ళు గడప దాటలేకపోయాడు. అప్పుడే మా అమ్మాయి సుగుణ తన పాత కంప్యూటరు ఆయన ముందు పెట్టి ఈ ఆట చూపించింది. ఆటలో ఒక మనిషి సముద్రంలో చిక్కుకుపోతాడు. అడుగున దొరికే రాయి, ఇసుక, ఉప్పు ఏరుకొచ్చి, బట్టీలో వేసి శుద్ధి చేసి, రాయిని ఇనుము చేసి, ఇసుకను అద్దం చేసి, ఇల్లు కట్టుకుని బతకాలి. "ఇది ఆట కాదుమే, మన పనే," అని ఆయన నన్ను పిలిచి పిలిచి చూపించేవాడు.

"గాలి ఎంతుంది?" అని అడుగుతున్నాను.

ఆయన గోడ మీది అంకె చూపిస్తున్నాడు. రెండు నిమిషాలు.

నా భయమంతా ఆ రెండు నిమిషాలే. ఆయన ఎంచుకున్నది ఒక్క ప్రాణం ఆట. అందులో మనిషి చనిపోతే ఇల్లు, సామాను అన్నీ చెరిగిపోతాయి, మళ్ళీ మొదలుండదు. ఆసుపత్రికి తీసుకువెళ్ళిన రోజు ఆయన ఎక్కడ ఆపాడో ఆట అక్కడే ఉండిపోయింది, గాలి మిషను ఆగిపోయి, దానిలో వేసే బిళ్ళ అయిపోయి. మూసి ఉంచినంతకాలం ఏమీ కాదు. తెరిస్తే గాలి తగ్గడం మొదలవుతుంది. అందుకని మూడేళ్ళుగా మేం తెరవలేదు. ఆయన చెయ్యి చివరిసారి తాకిన ఇల్లు అది, నా చేతిలో చెరిగిపోకూడదు.

"ఆటలో ఏది ఎట్టా చెయ్యాలో నువ్వు రాసుకున్న నోటుబుక్కు చదివాను మామా," అంటున్నాను. "ఎనభై పేజీలూ."

"ఎవరిచేత చదివించినావు?"

"ఎవరిచేతా లేదు. నేనే."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూస్తున్నాడు, చూస్తుండగానే అద్దాల గోడకు తలుపులు మొలిచి, బల్లలు వచ్చి, అది పెద్దవాళ్ళకు నడిపే మా మధ్యాహ్నం బడి గది అయిపోతోంది, నల్లబల్ల ముందునుంచి చేపలు పోతున్నాయి.

"ఈ వయసులో బడికి పోయినావా? బెంచీ ఎక్కించినారా?"

"నన్నెక్కిస్తే బెంచీ విరుగుద్దని ఎక్కించలేదు."

ఆయన నవ్వుతున్నాడు, నవ్వు బుడగలు బుడగలుగా పైకి పోతోంది. ఆ నవ్వు వింటే నాకు ధైర్యం వస్తోంది, ఇన్నాళ్ళూ నోట్లో పెట్టుకు తిరిగిన మాట బయటికి తీస్తున్నాను.

"ఆసుపత్రికి పోయిన రోజు నీ చేతులు వణుకుతుంటే, మౌస్ పట్టుకుని ఈ ఒక్క బిళ్ళ చేసిపెట్టమన్నావు. పుస్తకం చూసి చెయ్యమన్నావు. నేను పొయ్యి మీద పప్పుందన్నాను."

"అన్నావు."

"అడ్డం పప్పు కాదు మామా. నాకు చదువు రాదని నీకు తెలుసు, అయినా ఆ మాట మళ్ళీ నా నోటితో చెప్పాలంటే సిగ్గేసింది."

గది వంటిల్లయింది, పొయ్యి వెలుగుతోంది, నీళ్ళలో మంట ఎలా వెలుగుతుందని నేను అడగడం లేదు.

"పప్పు మాడిందా?"

"లేదు."

"సరేలే. పప్పన్నా దక్కింది."

గోడ మీది అంకె ఒకటి తగ్గుతోంది. నేను పీట దగ్గరికి జరుగుతున్నాను.

"ఇప్పుడు చెప్పు. ఆ బిళ్ళ నేను వేరేగా మొదలుపెట్టుకున్న ఆటలో నలభైసార్లు చేశాను. అక్కడ నేర్చుకున్నాకే నీ ఆట తెరుద్దామని. ఎప్పుడు చేసినా ఎర్రలైటే. తెరమీద అన్నీ ఇంగ్లీషు, నాకున్నది నీ పుస్తకం ఒక్కటే."

"నేనేం రాసినాను? చదువు."

"ఉప్పు రెండు. సున్న. మూడు."

"అంటే?"

"రెండు అని రాసి, సున్న పెట్టి కొట్టేశావని. రెండు కాదు, మూడని. అందుకే ఉప్పు మూడు వేస్తున్నా."

"సుగుణను అడగలేదా?"

"ఒక్క మాటకి దాన్ని అడిగితే రెండేళ్ళు నేను బడికి పోయిందెందుకు?"

"నీ మొండితనం నీళ్ళలో కూడా నానదు," అంటున్నాడు ఆయన, అని ముందుకు వంగి, చిన్నపిల్లను అడిగినట్టు అడుగుతున్నాడు, "మనం ముప్పై ఏళ్ళు ఏం కాల్చినాం మే?"

"గుల్ల."

"గుల్ల కాలితే ఏమయింది?"

నేను నోరు తెరుస్తున్నాను, మాట రావడం లేదు, బుడగ వస్తోంది, గుండ్రంగా, నింపాదిగా పైకి లేచి కప్పుకు తగిలి అక్కడ ఆగుతోంది. సున్న. దాని వెనకే ఇంకో బుడగ వస్తోంది, చిన్నది, మొదటిదాని పక్కకు చేరి కుదురుగా నిలబడుతోంది. సున్న పక్కన ఇంకో సున్న. మా పంతులమ్మ రోజూ అంటుంది, పదం చివర సున్నను చూసుకోకపోతే సగం మాటే చదివినట్టని.

"సున్నం," అంటున్నాను. "ఉప్పు రెండు, సున్నం మూడు."

"నెత్తిన మోసినదానివి. చదవలేకపోయినావా?"

"మోసినప్పుడు దాని మీద పేరు రాసి లేదు."

"ఆటలో గుల్లలు ఊరికే అందానికి పెట్టినారనుకున్నావా?"

"అనుకున్నాను."

ఇప్పుడు మేం బట్టీ దగ్గర ఉన్నాం, మా పాత బట్టీయే, ఇటుకల సందుల్లో నాచు ఊగుతోంది. బొగ్గు ఒక వరస, గుల్ల ఒక వరస, నేను పేరుస్తున్నాను, ఆయన అందిస్తున్నాడు, ఎప్పుడూ ఆయన పేర్చేవాడు, నేను అందించేదాన్ని, ఈసారి ఎందుకో తిరగబడింది. పొగ రావలసినచోట వెండి రంగు బుడగలు పైకి పోతున్నాయి.

"తొందరపడి తియ్యబాక," అంటున్నాడు. "గాలి తగ్గుతుంటే చెయ్యి ఆగదు. ఎర్రగా ఉన్నప్పుడు తీస్తే పచ్చిగుల్లే వస్తుంది. తెల్లబడాల."

"నాకా చెప్పేది? నేను సరేననేదాకా నువ్వెప్పుడన్నా బట్టీ దించినావా?"

"లేదు," అని ఒప్పుకుంటున్నాడు. "నీ కన్ను పడితేనే దించేవాణ్ణి."

"ఈ బిళ్ళ పడనీ. పడవ కట్టి నిన్ను పైకి తెస్తాను."

ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు. "పైకెందుకు? పైన దుమ్ము. ఇట్టా చూడు." ఛాతీ నిండా గాలి పీల్చి, మెల్లగా వదిలి, మళ్ళీ పీలుస్తున్నాడు, ఊపిరి ఎక్కడా అడ్డుపడడం లేదు, నేను మూడేళ్ళుగా ఆయన్ను పైకి తేవాలనే అనుకున్నాను, ఆయనకు కావలసింది అది కాదని ఇప్పుడే తెలుస్తోంది. "నన్నిక్కడ్నే ఉండనీ. గాలి ఆగకుండా చూడు, చాలు."

"చూస్తా."

"ఏడవకుండా చూస్తావా?"

"బట్టీ దగ్గర ఏడవడానికి నాకెప్పుడన్నా తీరికుండిందా?"

అద్దాలు మసకబారుతున్నాయి, ఆయన ముఖం కూడా, అయినా ఆయన చెయ్యి మాత్రం స్పష్టంగా ఉంది, సున్నం గోళ్ళను తినేసిన చెయ్యి. ఒక గుల్ల తీసి నా కుడి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, పైనుంచి అదుముతున్నాడు. దాని వీపు మీది గీతలు చర్మంలోకి దిగుతున్నాయి.

"గట్టిగా పట్టుకో. ఈసారి పొయ్యి మీద ఏమీ లేదు కదా?"

"లేదు," అంటున్నాను.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం మూడు. చాప మీద, కుడి చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నాను. లేచి చూసుకుంటే అరచేయంతా చాప ఒరుసుకుని గీతలు పడ్డాయి, వరసగా, లోతుగా, గుల్ల వీపు మీద ఉన్నట్టే.

నోటుబుక్కు తీసి ఆ పేజీ చూశాను. 'సున్న' పక్కన నేను సిరా చుక్క అనుకున్నది సిరా చుక్క కాదు, ఇంకో సున్న.

ఆదివారం కాబట్టి సుగుణ ఇంట్లోనే ఉంది. "మీ నాన్న ఆట తెరువు," అన్నాను.

"అమ్మా, నీ ఆటలో ముందు చేసి చూసుకోరాదా? అది పోతే మళ్ళీ రాదు."

"సున్నం చెయ్యడం నేను కొత్తగా చూసుకోవాలా? తెరువు."

తెరిచింది. అంకె తగ్గడం మొదలైంది. ఆయన పెట్టెలో ఉప్పు ఉంది, గుల్లలూ ఉన్నాయి, కావలసినవన్నీ దగ్గర పెట్టుకునే ఆయన నన్ను పిలిచాడని అప్పుడు తెలిసింది. మూడు గుల్లలు బట్టీలో వేశాను. ఎర్రబడ్డాయి. నిమిషం పోయింది.

"తీసెయ్యమ్మా, అర నిమిషమే ఉంది," అంది సుగుణ.

"పచ్చిగా ఉంది."

"అమ్మా, ఇరవై."

"ఉండవే."

తెల్లబడింది. తీశాను. ఉప్పు రెండు, సున్నం మూడు. బిళ్ళ మిషనులో పడ్డప్పుడు అంకె తొమ్మిది మీద ఉంది. తొమ్మిది మీదే నిలబడింది. తరవాత పది అయింది. పదకొండు. మిషను చప్పుడు మొదలైంది, నిద్రపోతున్న మనిషి ఊపిరిలా, ఎక్కడా అడ్డుపడకుండా.

సుగుణ ముఖం తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. నేను మౌస్ మీదినుంచి చెయ్యి తీసి చూసుకున్నాను. గీతలు ఇంకా పోలేదు.

పామంజి మస్తానమ్మ, అరవై మూడేళ్ళు. ఇప్పుడు ఉండేది సూళ్లూరుపేటలో, మా అమ్మాయి దగ్గర.