ఖాళీ బెడ్ చూపించే పేజీ

ఆ రోజు ఎల్‌బీ నగర్ ఇంట్లో ఉన్నది ఐదుగురు: వర్ష పెద్దనాన్న జనార్ధన్, ఆయన కొడుకు రాకేష్, నానమ్మ సోమమ్మ, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడిపే విజయదుర్గ, ఊరి బడిలో పది పాసై ఇంటర్ చదవడానికి వచ్చిన వర్ష. వర్ష మాత్రం వంటింటి గడప దాటలేదు.

విజయదుర్గకు ఒక వెబ్‌పేజీ కావాలి. పిల్లను చేర్చే తల్లిదండ్రులు ఖాళీ బెడ్ చూసి, నొక్కి, ఎంచుకోవాలి. కోచింగ్‌లో నేర్చిన రియాక్ట్ అనే కొత్తరకం కోడింగ్ పద్ధతితో రాకేష్ ఆ పేజీ కట్టాడు. ల్యాప్‌టాప్‌లో అది ధగధగలాడింది.

"బావుంది బాబూ. మరి మావాళ్లు ల్యాప్‌టాప్‌లు మోసుకుని బస్సు దిగరు కదా!" అంటూ విజయదుర్గ సోమమ్మ పాత ఫోన్ అడిగి తీసుకుని అదే పేజీ తెరిచింది. తెర తెల్లగా ఉండిపోయింది. చక్రం తిరుగుతూనే ఉంది.

"నెట్ స్లో ఆంటీ," అన్నాడు రాకేష్.

"నీ ల్యాప్‌టాప్‌ల మంచిగనే ఒచ్చింది గదరా?" అన్నాడు జనార్ధన్.

"మా వర్ష చేసింది జల్ది ఒస్తది," అంది సోమమ్మ. "దినాం నా ఫోన్లనే చూస్తది."

అదే హాస్టల్‌కు పది రోజులుగా నానమ్మకు తప్ప ఎవరికీ చెప్పకుండా వర్ష కూడా ఒక పేజీ రాసింది. రియాక్ట్ బరువు లేదు; ఉత్త హెచ్‌టీఎంఎల్, కాస్త జావాస్క్రిప్ట్. ఇప్పుడు వెనక్కి తగ్గితే దాన్ని ఇక ఎవరూ చూడరు. గడప దాటి, విజయదుర్గ చేతిలోని ఫోన్లోనే తన పేజీ నొక్కింది.

పేజీ చిటికెలో తెరుచుకుంది. నొక్కిన బెడ్ ఎర్రగా మారింది.

"గిది పాత పద్ధతి," రాకేష్ మొహం మాడ్చుకున్నాడు. "ఉద్యోగం ఇంటర్వ్యూల గిది ఎవడడుగుతడే?"

"ఇది ఇంటర్వ్యూ కాదన్నా, బెడ్ ఎంచుకునేది," అంది వర్ష. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఫీజులు, మెస్, హాజరు అన్నీ ఒక్క తెర మీద మారాల్నంటే నీదే మంచిది. గిక్కడ మారేది బెడ్ రంగొక్కటే."

రాకేష్ ఆ ఫోన్ అందుకుని ఇంకో బెడ్ నొక్కి చూశాడు; అదీ వెంటనే ఎర్రబడింది.

"నాకు ఈ అమ్మాయిదే కావాలండీ," అంది విజయదుర్గ. "రెండో అంతస్తు బెడ్లు కూడా సాయంత్రానికి కలిపేస్తావా తల్లీ?"

"కలుపుతా," అంది వర్ష తలెత్తి.

రాకేష్ లేచి తన గదిలో కుర్చీ దులిపి, వర్షను కూర్చోబెట్టి, ల్యాప్‌టాప్ ఆమె ముందు పెట్టాడు.

"ఓ వర్షా, జర చాయ్ పెట్టవే!" హాల్లోంచి జనార్ధన్ కేకేశాడు.

"చాయ్ నేను పెడ్తా. మా చెల్లె పనిల ఉంది," అని బయటికి నడిచి, రాకేష్ తలుపు మూశాడు.